వీరగల్లు అడుగున

గురువు చెన్నవీరస్వామి వెంట ఊళ్ళు తిరుగుతున్న ఓబన్నకి ఆ రోజు పొద్దుటి నుంచీ మనసు మనసులో లేదు. ఏటి రేవులో రాజుగారి దండు దిగి ఉంది. కొత్తవాళ్ళని చేర్చుకుంటున్నారట. స్వామి ఊఁ అంటే చాలు, వాడూ వాళ్ళతో వెళ్ళిపోతాడు.

ఎలా అడగాలో తెలీక, దారి పక్కనున్న పాత యుద్ధభూమి చూద్దామని స్వామిని తీసుకుపోయాడు.

ఎప్పటి యుద్ధమో! ఇప్పుడక్కడ నడుములోతు గడ్డి. గాలికి ఆ గడ్డంతా మెల్లగా వాలుతుంది, మెల్లగా లేస్తుంది, నిద్రలో ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు. గడ్డి మధ్యన వీరగల్లులు. చచ్చిపోయిన ఒక్కో వీరుడికీ ఒక్కో బొమ్మల రాయి. వాటి నీడలు కూడా మెత్తగా ఉన్నాయి.

ఒక రాయి ముందు ఓబన్న ఆగిపోయాడు. పై అరలో శివుడి పక్కన వీరుడు కూర్చుని ఉన్నాడు. దాని కింది అరలో ఇద్దరు అప్సరసలు చెరో చెయ్యీ పట్టుకుని వాణ్ణి ఆకాశంలోకి ఎత్తుకుపోతున్నారు. వాళ్ళ పైటలు మబ్బుల్లో మబ్బుల్లా ఎగురుతున్నాయి.

"పోతే ఇలా పోవాలి స్వామీ!" అన్నాడు ఓబన్న. "నన్ను దండులోకి పోనివ్వండి."

స్వామి రాతిని కాసేపు చూశాడు.

"ఇద్దరిలో నీకు నచ్చిందెవరు?"

ఓబన్న చెవులు ఎర్రబడ్డాయి. "ఎడం పక్కావిడ."

"నా కంటికీ ఆవిడే బాగుంది. మరి ఈ అబ్బాయి ఎక్కడుండగా వచ్చి ఎత్తుకున్నారు?"

"యుద్ధంలో స్వామీ. అది అన్నిటికంటే కింది అరలో చెక్కుతారు. ఈ రాయి కుంగిపోయింది కదా, ఆ అర మట్టిలో ఉండిపోయింది."

"అయ్యో," అన్నాడు స్వామి. గడ్డిలో చతికిలబడి, రాతి మొదట్లో మట్టిని చేత్తో తవ్వడం మొదలుపెట్టాడు.

"మీరెందుకు స్వామీ, లేవండి లేవండి!" ఓబన్న గబగబా మోకాళ్ళ మీద కూర్చుని తనే తవ్వాడు.

మట్టి చల్లగా ఉంది. కళ్ళకంటే ముందు వేళ్ళకి తగిలింది ఒక మొహం. బొటనవేలితో తుడిచాడు.

బల్లెం పొట్టలో దిగి వెన్నులోంచి వచ్చింది. రెండు చేతులూ దాన్ని పట్టుకుని ఉన్నాయి, లాగడానికో, ఆపడానికో. పైన దేవుడి పక్కన కూర్చున్నప్పుడున్న మెలితిరిగిన మీసం ఇక్కడ లేదు. చిన్నవాడు. ఓబన్న ఈడువాడే. నోరు తెరిచి ఉంది. అందులోంచి ఒక చీమ బయటికొచ్చి, గడ్డం మీదుగా దిగిపోయింది.

"ఇప్పుడు చూడు నాయనా," అన్నాడు స్వామి. "కింది నుంచి పైకి."

ఓబన్న చూపు ఆ కింది అర దాటి పైకి పోలేదు.

రేవులో కొమ్ము ఊదారు. దండు కదులుతోంది. మళ్ళీ ఊదారు. వాడు లేవలేదు. ఆ నోటిని చూస్తూ ఉండలేక, రెండు చేతులతో మట్టిని తిరిగి గుంటలోకి తోయబోయాడు.

స్వామి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"కప్పెయ్యకు. నీ వెనక ఇంకొకడొస్తాడు."