గెడ్డ తిన్న ఇనుము

అనగనగా ఒక కాలం. రాజులు పోయి, గుర్రాలు పోయి, ఊరూరా ట్రాక్టర్లు తిరిగే కాలమే గానీ, కొండ దిగే మంచును చూసి తలుపులు వేసుకునే భయం ఇంకా పోని కాలం. ఆ కాలంలో మేఘాలవలస అని ఒక చిన్న ఊరు ఉండేది.

ఊరికి పైన కొండ. కొండ మీంచి దిగే వాగు, ఊరివాళ్ళ మాటలో గెడ్డ. గెడ్డకూ ఊరికీ నడుమ ఒక మట్టిగట్టు. గట్టు ఉంటేనే ఊరు ఉంటుంది. ఆ సంగతి ఊరికి తెలుసు. గెడ్డకూ తెలుసు.

ఊళ్ళో దాలినాయుడు అనే రైతుకు ఒక చిన్న ట్రాక్టరు ఉండేది. దాని ముందు రెండు ఇనుప చేతులు, చేతుల చివర ఒక పెద్ద తొట్టి. దాన్ని లోడరు అనేవారు. పెంట ఎత్తాలన్నా, బురద తియ్యాలన్నా, గట్టుకు మట్టి పొయ్యాలన్నా అదే దిక్కు. పని ముగిశాక నాయుడు దాన్ని గెడ్డలోకి దింపి, ఎద్దును కడిగినట్టు ప్రేమగా కడిగేవాడు.

ఒక ఏడు, వానలు ఇంకా పడకముందే గట్టుకు గండి పడింది. నాయుడు మట్టి ఎత్తుతూ ఉండగా లోడరు ఎడమ చెయ్యి పగిలింది. అప్పుడు ఇనుము పగిలిన చప్పుడు రాలేదు. నీళ్ళలో మునిగినవాడెవడో పైకి లేచి, గుక్కతిప్పుకున్నట్టు వినిపించింది.

నలుగురూ కలిసి ట్రాక్టరును తవిటమ్మ కొట్టానికి చేర్చారు.

తవిటమ్మ తన తండ్రి కొలిమి పక్కన పెరిగిన మనిషి. కాలం మారాక కొలిమి ఆర్పి, వెల్డింగు మిషను పెట్టుకుంది. ఆ చుట్టుపక్కల నాగలి వంగినా, గేటు విరిగినా ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె మాట కరుకు, పని మెరుగు.

"ఏటి తవిటమ్మా, ఎంతసేపు పడుతుంది?" అన్నాడు నాయుడు. "ఆకాశం చూడు. రేపో మాపో పడేలా ఉంది."

తవిటమ్మ పగులు చూసింది. చిన్న సుత్తితో ఆ ఇనుప చేతిని తట్టింది. ఇనుము ఖంగుమనాలి. అది "బొద్" మంది. కుళ్ళిన గుమ్మడికాయను తట్టినట్టు.

"లోపల ఏదో ఉంది బాబూ. విప్పి చూడాలి."

"విప్పడానికి వేళేది? పగులు అతికించి ఇచ్చెయ్యి."

ఊరంతా అదే మాట అంది. తవిటమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని పగులు అతికించడం మొదలుపెట్టింది. అతుకు పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. కొండ మీంచి మంచు దిగి కొట్టం ముందు నిలిచింది. ఆ మంచులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. బట్టలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. వానచుక్క పడని రోజున, అతని వేళ్ళ చివరల నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.

"బాగుంది తల్లీ. పైకి చక్కగా కనబడుతోంది. ఇక పంపెయ్యి."

ఊరివాళ్ళు అన్న మాటే అతనూ అన్నాడు. ఎవరో పొరుగూరివాడు అనుకుంది తవిటమ్మ. మళ్ళీ తలెత్తి చూసేసరికి మనిషి లేడు. నిలబడిన చోట నేల తడిగా ఉంది.

ఆమె ఇంకోసారి సుత్తితో తట్టింది. మళ్ళీ "బొద్" మంది. మనసు పీకింది. అయినా నాయుడు వచ్చి అడిగితే కాదనలేక ఇచ్చేసింది.

మర్నాడు గట్టు మీద లోడరు మట్టి ఎత్తింది. తొట్టి తల ఎత్తు దాటగానే ఎడమ చెయ్యి మళ్ళీ అక్కడే పగిలింది. తొట్టి మట్టితో సహా నేల కూలింది. నాయుడి భార్య గవరమ్మ పక్కనే రాళ్ళు పేరుస్తోంది. ఆమె చీర కొంగు తొట్టి కింద నలిగింది. జానెడు ఇటు ఉంటే మనిషే నలిగేది.

ఆ కబురు విన్న తవిటమ్మ గవరమ్మ ఇంటికి పరుగెత్తి ఆమె చేతులు పట్టుకుంది.

"అప్పా, ఆ ఇనుము ఖంగుమని పలకలేదని నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను."

గవరమ్మ నలిగిన కొంగు చూపించింది. "ఈసారి తెలియక ఇవ్వకు, తెలిసీ ఇవ్వకు. అంతే చెల్లీ," అంది.

ట్రాక్టరు మళ్ళీ కొట్టానికి వచ్చింది. తవిటమ్మ పాత అతుకంతా గీకేసి, కొత్తగా అతికి, దాని మీద దళసరి ఇనుప పలక కూడా వేసింది. ఈసారి మంచు పట్టపగలే దిగింది. కాకులు అరవడం మానేశాయి. తడిబట్టల మనిషి కొట్టం చూరు దాకా వచ్చాడు. ఈసారి అతని వెంట పాచి వాసన కూడా వచ్చింది.

"పలక కూడా వేశావు. ఇంకేం కావాలి? రంగు పూసి పంపెయ్యి. గట్టు ఎదురుచూస్తోంది."

"నువ్వెవరు బాబూ? ఏ ఊరు?"

"పైనుంచి వచ్చాను. కిందికి పోవాలి. దారిలో గట్టు అడ్డం ఉంది." అతను నవ్వాడు. ఆ నవ్వు గులకరాళ్ళు ఒకదాన్నొకటి రాసుకున్నట్టు ఉంది.

తవిటమ్మ సుత్తి తీసి తట్టింది. "బొద్."

"పంపను," అంది.

మనిషి మంచులో కలిసిపోయాడు. వెనకే నాయుడు, ఊరి పెద్దలు వచ్చారు. ఆమె మాట విని మండిపడ్డారు.

"పలక వేశావు కదా! ఇంకా ఏటి నీ పట్టుదల? వాన నెత్తి మీదకొచ్చింది. గండి పూడకపోతే ఊరు కొట్టుకుపోతుంది. ఆ పాపం నీదే!"

"విరిగే లోడరు ఇస్తే గండీ పూడదు, మనిషీ మిగలడు. నేను దీన్ని కోసి చూస్తాను. అంతవరకు తట్టలతో మొయ్యండి. తిట్టాలంటే మోస్తూనే తిట్టండి."

వాళ్ళు తిట్టుకుంటూనే తట్టలు ఎత్తుకున్నారు. గవరమ్మ మొదటి తట్ట ఎత్తుకుంది.

తవిటమ్మ కటింగు మిషను తీసుకుని ఆ ఇనుప చేతిని పొడుగునా కోసింది. లోపల బోలు. కోత పడగానే నీళ్ళు బయటికి దూకాయి. నల్లటి నీళ్ళు, శవంలా చల్లటి నీళ్ళు. రోజూ గెడ్డలో కడుగుతుంటే సన్నటి కంతలోంచి లోపలికి చేరి, బయటికి దారిలేక అక్కడే ఉండిపోయిన నీళ్ళు. లోపలి ఇనుము సగానికి సగం తుప్పుపట్టి, చెదలు తిన్న దూలంలా ఉంది. పైన ఎన్ని పలకలు వేస్తే మాత్రం ఏం నిలుస్తుంది?

అంతవరకు బాగానే ఉంది. కానీ నీళ్ళు ఆగలేదు. ఆ చేతిలో పట్టేవి రెండు బిందెలు. నేల మీద పారుతున్నవి ఇరవై బిందెలు. అవి పల్లానికి పారలేదు. కొట్టం దాటి, ఎగువకు, కొండ వైపు పాకుతూ పోయాయి. తవిటమ్మ పని మానలేదు. కుళ్ళిన ఇనుమంతా కోసి పారేసింది.

ఇప్పుడు కొత్త ఇనుము కావాలి. కొట్టమంతా వెతికినా చెయ్యంతటికీ సరిపడే దళసరి పలక దొరకలేదు. పట్నం పోయి వచ్చే వేళ లేదు. చివరికి ఆమె కళ్ళు కొట్టం తలుపు మీద పడ్డాయి. తండ్రి చేయించిన ఇనుప తలుపు. మందంగా, ఏనుగు తోసినా కదలనట్టు ఉండేది. బయట మంచు. మంచులో పాచి వాసన. ఆ తలుపు తీసేస్తే ఆమెకూ మంచుకూ మధ్య ఏమీ ఉండదు.

అయినా తలుపు ఊడదీసి, కొలతకు కోసింది.

ఆమె గుమ్మానికి వీపు పెట్టి అతకడం మొదలుపెట్టగానే వెనక టప్ టప్‌మని నీటిబొట్లు పడ్డాయి. గుమ్మం దగ్గర. తరవాత గుమ్మం లోపల. తరవాత ఆమె మెడ మీద.

"ఆ ఇనుములో నేనున్నాను," అంది చెవి పక్కన ఒక గొంతు. "ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తింటున్నాను. నా వాటా మిగల్చు. ఒక్క కన్నం చాలు. పైకి కనబడనంత కన్నం. ఎవరికీ తెలియదు. నీ ఇల్లు తప్ప ఊరంతా తీసుకుంటాను. నీ గడప తడవనివ్వను."

అప్పుడు తవిటమ్మకు తెలిసింది, వచ్చినవాడు గెడ్డ అని. వెనక్కి తిరిగి చూడాలని మెడ లాగుతోంది. చూస్తే చెయ్యి వణుకుతుంది. వణికితే అతుకులో కన్నం పడుతుంది. అతనికి కావలసిందీ అదే.

"నా ఒక్క గడప పొడిగా ఉండి ఏం చేసుకోను? పక్క ఇంట్లో గవరమ్మప్ప లేని ఊళ్ళో నాకేం పని?" అంది. కన్ను అతుకు మీదే ఉంచింది.

నిప్పురవ్వలు లేచాయి. గొంతు బతిమాలింది. తరవాత బెదిరించింది. తరవాత ఎప్పుడో పోయిన ఆమె తల్లి గొంతుతో పిలిచింది. తవిటమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ చెయ్యి ఆగలేదు. కంత అన్నది మిగలకుండా అంచు నుంచి అంచు దాకా అతికింది.

సుత్తి ఎత్తి తట్టింది.

"ఖంగ్!"

ఆ మోతకు మంచు చీలింది. వెనక ఎవరూ లేరు.

సాయంత్రం తొలిచినుకు పడుతుండగా లోడరు గట్టు ఎక్కింది. దాలినాయుడు ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా దూరం పంపి తొట్టి ఎత్తాడు. చెయ్యి నిలిచింది. మళ్ళీ మళ్ళీ ఎత్తాడు. తట్టలు సగం పూడ్చిన గండిని లోడరు నింపేసింది.

ఆపైన వాన దబాయించి కురిసింది. గెడ్డ ఎర్రగా పొంగి గట్టు అంచు దాకా లేచింది. చెయ్యి చాపి తలుపు తడిమేవాడిలా గట్టు పొడుగునా నీరు తడుముకుంది. ఎక్కడా సందు దొరకలేదు. గెడ్డ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, పాత దారినే పక్కకు మళ్ళి పోయింది.

దాలినాయుడు తవిటమ్మ దగ్గరికి వచ్చి తలపాగా తీశాడు. "నిన్ను తిట్టిన నోరు ఇది తల్లీ. క్షమించు."

"తిడితే తిట్టారు గానీ తట్టలు మోశారు కదా బాబూ," అంది తవిటమ్మ. "ఇకమీదట కడిగాక ఆరబెట్టండి."

కనుక పిల్లలూ, లోపలి కుళ్ళును పైపూతతో కప్పమని లోకమంతా తొందరపెట్టినా, విప్పి చూసి బాగుచేసినవాడే నలుగురినీ కాపాడతాడు.