మూడు జెండాల కొట్టం

పీరయ్యకు ఆ పూట సంగటి గొంతు దిగలేదు. మూడు జెండాలు కట్టిన కొట్టాన్ని దాటుకుని, ఒక్క జెండా కూడా లేని కొట్టానికి తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని పోతున్నారు. తన కళ్ళతో చూసి వచ్చాడు.

"వీళ్ళకు మంచి చెప్పబోయిన నాదే తప్పు" అని గొణుక్కుంటూ దర్గా మెట్లెక్కాడు.

సంగతేమిటంటే, దర్గా ఉన్న ఆ గుట్ట చుట్టూ నాపరాళ్ళ గనులు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గనిలో దిగితేనే పొయ్యి రాజుకునే ఇళ్ళు. ఒకప్పుడు పాలు తాగే పసికందుల్ని బండల చాటున, అంత ఎండలో పడుకోబెట్టి పని చేసేవాళ్ళు. అది చూడలేక దర్గా పెద్ద దస్తగిరి తాత పల్లెకొక పిల్లల కొట్టం వేయించాడు. కొట్టానికొక ఆడమనిషిని పెట్టాడు. పొద్దున బిడ్డను దించి గనికి పోవచ్చు, పొద్దుగూకాక ఎత్తుకుని ఇంటికి పోవచ్చు. జావకు రాగులు దర్గావి.

పీరయ్య కూడా గని బిడ్డే. పాలు మరవకముందే తల్లి జ్వరమొచ్చి పోతే, తాతే తెచ్చి తన గుడిసెలో పెంచాడు. కాస్త పెద్దవాడయ్యాక చదువుకు దూరాన ఉన్న ఇంకో పెద్ద దర్గాకు పంపాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. చదువు ముగించుకుని వచ్చిన పీరయ్య కుదురుగా కూర్చుంటాడా!

"తాతా, ఏ కొట్టం మంచిదో ఏది కాదో తల్లులకు ఎట్లా తెలుస్తాది? నేను చూసి చెప్తా" అన్నాడు.

"చూడు" అన్నాడు తాత. అంతే.

పీరయ్య చూశాడు. నేల అలికి ఉండాలి. నీళ్ళ కుండ చెక్కు చెదరకుండా ఉండాలి. పిల్లలు గోల చేయకూడదు. పోయిన ఉరుసుకు దర్గా తరఫున అందరికీ ఒకే రకంగా పంచిన చెక్కబొమ్మలు, పంచినవి పంచినట్టే ఉండాలి. అన్నీ సరిగా ఉంటే వాకిట్లో మూడు పచ్చజెండాలు. కొన్ని ఉంటే రెండో ఒకటో. ఏదీ లేకపోతే బోడి వాసం.

మూడు జెండాలు ఖాజాబీ కొట్టానికి దక్కాయి. అబ్బో, ఆ కొట్టం చూడాలి! బొమ్మలన్నీ గోడబల్ల మీద వరసగా, రంగు మీద గీత పడకుండా నిలబడి ఉంటాయి. వాటి కింద పిల్లలు చేతులు కట్టుకుని ఇంకో వరసగా కూర్చుని ఉంటారు. చూసినప్పుడల్లా పీరయ్యకు కడుపు నిండిపోయేది.

బోడి వాసం కుళ్ళాయమ్మది. జనం పోతున్నది మాత్రం అక్కడికే.

తాత గుడిసె ముందు కూర్చుని తస్బీ మాల తిప్పుతున్నాడు. పూస మీద పూస జరుగుతోంది. పీరయ్య వచ్చి ఎదురుగా కూలబడ్డాడు.

"తాతా, ఉరుసు లోపల కుళ్ళాయమ్మ కొట్టం మూసేద్దాం. దర్గా రాగులు దండగ."

"ఏమంత తప్పు చేసింది?"

"ఒకటా రెండా! నేలంతా గుంటలు. కుండ అంచు పగిలిపోయుండాది. పిల్లల గోల గని దాకా వినబడతాది. బొమ్మల సంగతి అడగనే వద్దు. ఏనుగుకు తొండం లేదు. గుర్రానికి చెవుల్లేవు. రంగంతా చప్పరించి చప్పరించి మింగేసినారు. ఓబులమ్మ కూతురు సుంకి అని, పళ్ళొస్తాండే పిల్ల, ఆ గుర్రం తలకాయ నోట్లో పెట్టుకుని నములుతాండాది! నిన్న తల్లులందరి ముందరే అడిగేసినా. ఏమ్మా కుళ్ళాయమ్మా, నువ్వు కాసేది బిడ్డల్నా, మేకల్నా అని."

"ఆమె ఏమనింది?"

"ఏమంటాది, తల వంచుకునింది. కొట్టం మూయిస్తానని కూడా చెప్పొచ్చినా."

"గుర్రం?"

"పిల్ల నోట్లోంచి పీకి పొయ్యిలో పెట్టేసినా. జావ కుండ కింద."

తాత చేతిలో పూస ఆగింది. "పిల్ల?"

"ఏడ్చింది. పిల్లలన్నాక ఏడవరా తాతా" అన్నాడు పీరయ్య. అన్నాడే గానీ, గుక్క పట్టి నీలంగా మారిన ఆ మొహం ఒక్క క్షణం కళ్ళ ముందు కదిలింది. గబగబా ఇంకో మాట ఎత్తుకున్నాడు. "ఇంత జరిగినా ఓబులమ్మ ఈ పొద్దు బిడ్డను మళ్ళీ అక్కడే దించింది. మూడు జెండాల కొట్టం దారిలోనే ఉండాది కదమ్మా అంటే, ఆమె ఏమనిందో తెలుసా? ఖాజాబీ దగ్గర దించితే సాయంత్రం నన్ను చూడగానే మీద పడి మెడ వదలదు నాయనా, కుళ్ళాయమ్మ దగ్గరైతే ఇంటికి రానని మొరాయిస్తాది, అనింది. చూసినావా? అంత గారాబం చేసి చెడగొడతాండాది!"

తాత ఆగిన పూసను ముందుకు జరిపాడు.

"సరే, మూసేద్దాం. నువ్వు చూసి చెప్పినాక నేను కాదంటానా. అయితే ఒక కొట్టం మిగిలిపోయింది. దాన్ని కూడా చూసి పో."

"ఏదీ? అన్నీ చూసినా కదా."

తాత తన గుడిసె వైపు చెయ్యి చూపించాడు. "ఇక్కడా ఒక బిడ్డ పెరిగినాడు."

పీరయ్యకు నవ్వొచ్చింది. "నీకు నేను జెండాలు కట్టేదేంది తాతా!"

"అందరికీ ఒకటే న్యాయం. లే."

తాత మాట తీసేయలేక లేచాడు. గడపలో అడుగు పెట్టగానే కాలు గుంటలో పడింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి దాటుతున్న గుంటే, ఎప్పుడూ పట్టించుకున్నది లేదు.

"నేల బాగలేదు" అన్నాడు మొహమాటంగా. "ఎవరు తవ్వినారు తాతా దీన్ని?"

"ఒకడు. చెంచాతో. దినామూ పూడ్చేవాణ్ణి, దినామూ తవ్వేవాడు. కడాకు నేనే ఓడిపోయినా."

గడప పక్కనే ఉన్న కుండ వైపు తిరిగాడు. అంచు పగిలి ఉంది. తాత ఆ పగులు తగలకుండా నీళ్ళు ముంచుకోవడం పీరయ్యకు తెలుసు. కుండ మార్చమని ఎన్నిసార్లు పోరాడో! ఎందుకు మార్చడం లేదని మాత్రం ఎన్నడూ అడగలేదు.

"అదీ వాడేనా?" అన్నాడు.

"గరిటె దొరికితే వదిలేవాడా? వాడి గోలకు పక్క పల్లె నుంచి మనుషులొచ్చి, తాతా బిడ్డను కొడతాండావా అని అడిగిపోయేవాళ్ళు."

పీరయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఇంక బొమ్మలు" అన్నాడు తాత. "అవి అడగలేదే?"

"నీ దగ్గర బొమ్మలెక్కడివి?"

"ఒకటుండాది."

తాత చేతిలోని తస్బీ తీసి పీరయ్య అరచేతిలో పోశాడు.

ఆ పాత చెక్కపూసల మాల తాత చేతిలో లేని రోజు పీరయ్య ఎరగడు. చదువుకున్న ఊరి నుంచి వస్తూ, గురువు చేతిలో ఇంత ముతక మాలేమిటని, గంధపు పూసలతో కొత్తది కొనుక్కొచ్చి ఇచ్చాడు. తాత దాన్ని కళ్ళకద్దుకుని మేకుకు తగిలించాడు. పాతదే తిప్పుకుంటున్నాడు. నేనిచ్చింది నచ్చలేదేమోనని పీరయ్య లోలోపల చిన్నబుచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు వేలితో తడిమాడు. ఒక్క పూసా నున్నగా లేదు. అన్నిటి మీదా గాట్లే. చిన్న చిన్న గాట్లు, జంటలు జంటలుగా.

"ఎలుకలు కొరికినాయా తాతా?" అని అడిగాడు. అడుగుతూ ఉండగానే జవాబు తెలిసిపోయింది. అయినా నోరు ఆగలేదు.

"ఎలుకే. పళ్ళొచ్చేటప్పుడు రాత్రుళ్ళు నిద్రపోయేది కాదు. ఏదిచ్చినా విసిరి కొట్టేది. నా చేతిలో కదిలేది ఇదొక్కటే కనబడినట్టుండాది. నామం చెప్పుకునేదా, నోట్లోంచి లాక్కునేదా అని మొదట్లో నాకూ కోపమొచ్చేది."

తాత పీరయ్య మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే పీరయ్యకు భరించరానిదైంది.

"చెప్పు నాయనా. ఈ కొట్టానికి ఎన్ని జెండాలు కడతావు?"

పీరయ్యకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది. మేకల్నా బిడ్డల్నా అన్న మాట ఎవరో తన మొహం మీదే అన్నట్టుంది. కుళ్ళాయమ్మ వంచుకున్న తల, పొయ్యిలో చిటపటమన్న గుర్రం, గుక్క తిరగని పసిపిల్ల ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎదుట నిలబడ్డాయి. పూసలు గుప్పిట్లో బిగించి అట్లాగే నిలబడిపోయాడు. కళ్ళ నీళ్ళు కారి గుంటలో పడుతున్నా తుడుచుకోలేదు.

తాత మెల్లగా ఆ గుప్పిలి విప్పి తన మాల తాను తీసుకున్నాడు. మేకుకున్న గంధపు మాల తెచ్చి అదే చేతిలో పెట్టాడు.

"దీని మీద ఇంకా ఒక్క గుర్తూ పడలేదు. నేనేం చేసుకునేది? నీకు తెలిసిన చోట ఇచ్చిరా."

పీరయ్య గుట్ట దిగాడు. మూడు జెండాల కొట్టం ముందుకు రాగానే కాళ్ళు ఆగాయి. మిట్టమధ్యాహ్నం, అంతమంది పసివాళ్ళున్న ఇల్లు, చడీ చప్పుడూ లేదు. ఈ నిశ్శబ్దానికేనా తను మురిసిపోయింది? వాసానికున్న జెండాలు విప్పసాగాడు.

ఖాజాబీ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏం తప్పు జరిగింది నాయనా? ఒక్క బొమ్మ కూడా ముట్టుకోనీలేదే! నువ్వు చెప్పినట్టే పెట్టినా కదా!"

"నీ తప్పు కాదమ్మా" అన్నాడు పీరయ్య, ఆమె మొహం చూడలేక. "నేను చెప్పిందే తప్పు. ఆ బొమ్మలు కిందికి దించు తల్లీ."

కుళ్ళాయమ్మ కొట్టం పక్క పల్లె చివర. దూరం నుంచే పిల్లల కేకలు వినబడుతున్నాయి. ఆ గోల చెవిన పడేసరికి పీరయ్యకు ప్రాణం లేచి వచ్చింది. గబగబా నడిచాడు. వాకిట్లోకి అతని నీడ పడింది.

గోల టక్కున ఆగిపోయింది.

లోపల నేల అప్పుడే అలికినట్టుంది. గుంటలన్నీ పూడ్చేసి ఉన్నాయి. తొండం లేని ఏనుగు, మిగిలిన విరిగిన బొమ్మలు ఎవరికీ అందకుండా పైకప్పు వాసాల్లో దోపి ఉన్నాయి. పిల్లలు చేతులు కట్టుకుని గోడ వారగా జరిగారు. సుంకి అతన్ని చూసి ఖాళీ చేతులు వీపు వెనక దాచుకుంది.

కుళ్ళాయమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"పిల్లోళ్ళకు నేర్పిస్తాండా నాయనా. నువ్వొచ్చినప్పుడు నోరు మెదపొద్దని చెప్పినా. ఇప్పుడన్నా ఒక జెండా వస్తాదా? కొట్టం మూయొద్దు నాయనా, ఈ బిడ్డలు లేకుంటే నేనుండలేను."

పీరయ్యకు క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. అలికిన నేల మీద, తడి ఆరకముందే, సుంకి ఎదురుగా చతికిలబడ్డాడు. గంధపు మాల చాచాడు.

పిల్ల మాల వంక చూసింది. అతని వంక చూసింది. వీపు వెనక చేతులు ఇంకా బిగించుకుంది.

పీరయ్య ఒక పూసను తన నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికాడు. గాటు పడింది. దాన్ని పిల్లకు చూపించాడు.

సుంకి కాసేపు ఆ గాటునే చూసింది. ఒక చెయ్యి మెల్లగా ముందుకొచ్చింది. పూస నోట్లోకి పోయింది. చొంగ కారి పీరయ్య వేళ్ళ మీద పడింది.

"అయ్యో నాయనా, తస్బీ మాల! పాడు చేస్తాది!" అని కుళ్ళాయమ్మ వంగబోయింది.

"చెయ్యనీ అమ్మా" అన్నాడు పీరయ్య. "మూసేది లేదు. ముందు ఆ ఏనుగును దించు."

ఆమె నమ్మలేనట్టు చూసి, వాసంలోంచి ఏనుగును తీసింది. గోడ వార నుంచి ఒకడు "నాదీ!" అని కేక పెట్టాడు. ఇంకొకడు కాదన్నాడు. కొంచెంసేపటికి వాళ్ళ గోల గని దాకా వినబడింది.