ఇంటివైపు తిరిగి తినే రొట్టె

అనగా అనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో వేళ్లు చీకుతున్న రోజుల్లో, కీర్తిసేనుడనే రాజు ఉండేవాడు. రాజంటే రాజే మరి. ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ముగ్గురు కొడుకులున్నారు. పెద్దవాడు జయసేనుడు, రెండోవాడు వీరసేనుడు, మూడోవాడు మృదుసేనుడు. పెద్దవాళ్లిద్దరికీ పరుగే తప్ప నడక తెలియదు. మూడోవాడికి నడకే తప్ప పరుగు తెలియదు. దారిలో చీమలబారు ఎదురైతే అది దాటిపోయేదాకా నిలబడే రకం. అన్నలు వాణ్ణి "నత్తగారూ, నత్తగారూ" అని ఏడిపించేవాళ్లు. ఎంత ఏడిపించినా, తమ్ముడు వచ్చి కూర్చుంటే తప్ప ముద్ద ముట్టేవాళ్లు కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇలా ఉండగా రాజుగారి చూపు పోయింది. వైద్యులొచ్చారు, పసర్లు పోశారు, లాభం లేకపోయింది. చివరికి ఒక ముసలి వైద్యుడు, "ఏడు సముద్రాల అవతల నిప్పుకొండ ఉంది ప్రభూ. ఆ కొండనీళ్లతో కడిగితే చూపు వస్తుంది" అన్నాడు.

పెద్దవాడు బయలుదేరాడు. ఏడాది గడిచింది, రాలేదు. రెండోవాడు బయలుదేరాడు. ఇంకో ఏడాది గడిచింది, వాడూ రాలేదు. అప్పుడు మృదుసేనుడు వచ్చి తండ్రి కాళ్లకు దండం పెట్టాడు. రాజుగారు చేతులతో తడిమి కొడుకు మొహం పట్టుకున్నాడు.

"నాయనా, నాకింక కళ్లొద్దు. నీ అన్నల్ని తీసుకురా. తేలేకపోతే నువ్వైనా తిరిగిరా. ముగ్గుర్నీ పోగొట్టుకుని నేను బతకలేను. వస్తానని మాటివ్వు."

"వస్తాను నాన్నగారూ" అన్నాడు మృదుసేనుడు. వాడికి ఏడుపొచ్చింది. తండ్రి చూడలేడు కాబట్టి హాయిగా ఏడ్చేశాడు.

ఏడు సముద్రాలూ ఒక్కొక్కటే చెబితే మీరు నిద్రపోతారు. అందుకని మొదటిదాని దగ్గర పడవ ఎక్కించి ఏడోదాని దగ్గర దింపేస్తున్నాను. దిగగానే ఎదురుగా నిప్పుకొండ! నెత్తిన పొగ, ఒళ్లంతా నల్లరాయి, కాలు పెడితే నేల గోరువెచ్చన. కొండ పాదం దగ్గర చిన్న ఊరు. ఊరి మొదట్లో పూటకూళ్ల ఇల్లు. ఆ ఇల్లు నడిపే పిల్ల పేరు ముత్యాలి.

"మీలాంటివాళ్లే ఇద్దరొచ్చారు. అదే ముక్కు, అదే నుదురు. కొండెక్కారు, దిగలేదు" అంది ముత్యాలి రొట్టె తడుతూ.

"ఎందుకు దిగలేదు?"

"పైన బూడిద మాంత్రికుడు ఉంటాడు. మిట్టమధ్యాహ్నం దాటాక ఎవరి అడుగు పైకి పడితే వాళ్లని రాయిని చేస్తాడు. అందుకే మా ఊళ్లో కట్టుబాటుంది. కొండకు పోయేవాళ్లకి మూటలో రెండు రొట్టెలు కడతాం. మొదటిది పోతూ తినాలి. నీడ కాళ్లకిందికి రాగానే, ఎక్కడున్నా సరే, ఊరివైపు తిరిగి కూర్చుని రెండోది తినాలి. తిని దిగిపోవాలి. పొద్దు వాలేలోపు ఇంట్లో ఉండాలి. ముసలమ్మలు కట్టెలకీ, పిల్లలు రేగుపళ్లకీ రోజూ పోయొస్తూనే ఉంటారు. కొండచుట్టూ మూడు దారులున్నాయి, అన్నీ తేలికే. దిగి రావడమే మీబోటి వీరులకి చేతకాదు."

"నేను వీరుణ్ణి కాదులే" అన్నాడు మృదుసేనుడు. ముత్యాలి వాడివంక ఒకసారి పరీక్షగా చూసి, రెండో రొట్టెలో ఒక పండుమిరపకాయ ఎక్కువ పెట్టింది.

మొదటి రోజు నల్ల ఇసుక దారిన పోయాడు. దారికడ్డంగా వెచ్చటి రాతిమీద ఒక ముసలి ఉడుము ఎండ కాచుకుంటోంది. దానిమీద తన నీడ పడకుండా మృదుసేనుడు చుట్టూ తిరిగి పోయాడు.

"ఆగు నాయనా! నూరేళ్లలో నా ఎండకి అడ్డం రానివాడివి నువ్వొక్కడివే. అందుకు ఒక రహస్యం చెబుతా. మాంత్రికుడి ప్రాణం అతనిలో లేదు, పచ్చచిలకలో ఉంది. ఆ చిలక ఊరి పొలిమేర రాయి దాటిందా, అతని మంత్రమంతా ఆవిరే" అంది ఉడుము.

"దాన్ని పట్టుకునేదెలా ఉడుము మామా?"

"వెంటపడి పట్టుకున్నవాడు లేడు. వెంటపడ్డవాళ్లంతా రాళ్లయ్యారు. నాకు తెలిసింది అంతే" అని ఉడుము మళ్లీ కళ్లు మూసుకుంది.

కాసేపటికి చిలక రానే వచ్చింది. కొమ్మమీంచి కొమ్మమీదికి ముందుముందుకు ఎగురుతూ, "రా రాజకుమారా, ఆ మలుపు దాటితే బంగారు పూలచెట్టు" అంది. మృదుసేనుడు నడిచాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి నీడ కాళ్లకిందికొచ్చింది. చతికిలబడ్డాడు, ఊరివైపు తిరిగాడు, రొట్టె తిన్నాడు, దిగిపోయాడు. చిలక నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. తను పిలిచినవాళ్ల మొహాలే ఎప్పుడూ దానికి కనిపించేవి. వీపు కనిపించడం అదే మొదలు.

రెండో రోజు ఆవిరిగుంటల దారిన పోయాడు. నీళ్లు కుతకుతమంటున్నాయి. ఊరి ఆడవాళ్లు కడవలు నింపుకుని కబుర్లాడుతూ ఎదురొచ్చారు. వాళ్లని దాటాక చిలక కనిపించింది. "రా రాజకుమారా, ఆ గట్టు దాటితే నీ తండ్రికి చూపిచ్చే నీళ్లు" అంది. ఈసారి మృదుసేనుడి గుండె గబగబా కొట్టుకుంది. అయినా గట్టు దగ్గరికి వచ్చేసరికి నీడ కాళ్లకిందికొచ్చింది. కూర్చున్నాడు, తిరిగాడు, తిన్నాడు, లేచాడు. చిలక ఉండబట్టలేక రెండు చెట్లు వెనకే వచ్చింది.

"ఎక్కడికి పోతున్నావు?"

"ఇంటికి."

"అక్కడేముంది?"

"ముత్యాలి ఉంది. పొయ్యిమీద పప్పుంది. ఎలా ఉంది కొండ అని అడిగేవాళ్లున్నారు."

చిలక ఆ కొమ్మమీదే ఆగిపోయింది. ఎలా ఉంది కొండ అని దాన్ని ఏనాడూ ఎవరూ అడిగినట్టు లేదు.

మూడో రోజు తేలేరాళ్ల చెరువు దారిన పోయాడు. ఆ చెరువులో రాళ్లు బెండుముక్కల్లా నీళ్లమీద తేలుతుంటాయి. చెరువు దాటగానే చిలక కూతపెట్టింది. "చూడు రాజకుమారా, ఎవరో చూడు!"

పైన, పది అడుగుల దూరంలో, రెండు రాతిబొమ్మలు. ఒకరు జయసేనుడు, ఒకరు వీరసేనుడు. పెద్దన్న చెయ్యి చాచి ఉంది. కనురెప్పల మీద బూడిద పేరుకుని ఉంది. మృదుసేనుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పరుగెత్తబోయాడు. అంతలో కిందికి చూస్తే నీడ కాళ్లకింద ఉంది.

"పదే అడుగులు" అంది చిలక. "సొంత అన్నలు. పదంటే పదే అడుగులు."

వాడికి ఒక్కసారి అన్న చెయ్యి తాకితే చాలు, తర్వాత ఏమైతే అదే అవుతుంది అనిపించింది. మరుక్షణం తన మొహం తడిమిన తండ్రి చేతులు గుర్తొచ్చాయి. కూలబడి, ఊరివైపు తిరిగి, మూట విప్పాడు.

"అన్నయ్యా" అన్నాడు వెనక్కి చూడకుండా. "నేను రాందే మీరు ఏనాడూ తినలేదు. ఇవాళ మీకు వీపు పెట్టి తింటున్నాను. కోపం తెచ్చుకోకండి. రేపు వస్తాను. ఎల్లుండి వస్తాను. రోజూ వస్తాను, రోజూ దిగిపోతాను. నాకు చేతనైంది ఇంతే." కళ్లనీళ్లు రొట్టెమీద పడ్డాయి. వాడు ఆ రొట్టే తిన్నాడు.

భుజంమీద ఏదో వాలింది.

"ఆ ఎర్రటిదేమిటి?" అంది చిలక.

"పండుమిరపకాయ. తింటావా?"

చిలక తింది. కళ్లు మూసుకుని, తొడిమతో సహా తింది. "నూరేళ్లుగా మనుషుల్ని పిలుస్తున్నా. నా దగ్గర కూర్చుని తిన్నవాడు లేడు. ఇంకా ఉందా?"

"ఇంటిదగ్గర ఉంది" అన్నాడు మృదుసేనుడు. ఉడుము మాట అప్పుడు గుర్తొచ్చింది వాడికి. చిలకని పట్టుకోలేదు, రమ్మని కూడా అనలేదు. లేచి, తన నత్తనడకే నడిచాడు. చిలక భుజం దిగి చెట్టెక్కింది. ఒక చెట్టు, రెండు చెట్లు, మూడు చెట్లు, వెనకే వచ్చింది.

పొలిమేర రాయి దగ్గర కొండమీంచి కేక వినిపించింది. "చిలకా! వెనక్కి రా!" చిలక రెక్కలు గజగజలాడాయి. మృదుసేనుడు రాయి దాటి, నాలుగడుగులు వేసి, చీమలబారు ఏదో అడ్డొచ్చినట్టు తీరిగ్గా నిలబడ్డాడు. వెనక్కి చూడలేదు. ఎంతసేపు నిలబడ్డాడో వాడికే తెలియదు. చివరికి చెవిపక్కన రెక్కల చప్పుడైంది.

కొండ ఒక్కసారి దగ్గింది. పొగ ఆగింది. దారిమీద దబదబా అడుగుల చప్పుడు, ఆ వెనకే ఒక గొంతు. "నత్తగారూ! మాకు లేకుండా మొత్తం తినేశావా?"

ఇప్పుడు మృదుసేనుడు వెనక్కి తిరిగాడు. తిరిగి, పరుగెత్తాడు.

అన్నల వెనకాల, రాళ్లైపోయిన మిగతావాళ్ల వెనకాల, ఒక ముసలివాడు కర్ర పొడుచుకుంటూ దిగాడు. అతనే బూడిద మాంత్రికుడు. జయసేనుడు కత్తి దూసి చిలకవైపు తిరిగితే, మృదుసేనుడు అడ్డం నిలబడ్డాడు. "అది నా అతిథి అన్నయ్యా" అన్నాడు.

ముసలివాడు పొలిమేర రాయిమీద కూలబడ్డాడు. "నాదీ ఈ ఊరే. శిఖరం చూడాలన్న పంతంతో ఒకనాడు మధ్యాహ్నం దాటినా దిగలేదు. శిఖరం దొరికింది, మంత్రం దొరికింది, దిగడానికి మాత్రం మొహం చెల్లలేదు. నేను దిగలేదని, ఎవర్నీ దిగనివ్వలేదు. మీ రెండు రొట్టెల కట్టుబాటు నావల్ల పుట్టిందే" అన్నాడు. కొండ దగ్గు విని వచ్చిన ముత్యాలి ఇంట్లోంచి కంచం తెచ్చి పెట్టి, పప్పు వడ్డించింది. ముసలివాడు ఊరివైపు తిరిగి కూర్చుని తిన్నాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి కానీ, నాన్నగారి కళ్లకి నీళ్లు? ఆ గట్టు అవతలున్నాయని చిలక చెప్పింది" అన్నాడు మృదుసేనుడు.

"గట్టు అవతలేముంది, బూడిద! ఆ నీళ్లు గట్టు ఇవతలి ఆవిరిగుంటల్లోవే. కడవలతో రోజూ తెస్తున్నాం. మూడు రోజులుగా మీరు తింటున్న పప్పు ఆ నీళ్లతోనే ఉడికింది" అంది ముత్యాలి.

అన్నలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లు కొండెక్కుతూనే ఆ గుంటలు దూకి, చిలక వెంట చెరువుదాకా పరుగెత్తారట!

ముగ్గురన్నదమ్ములూ, ముత్యాలీ, చిలకా, ఒక కడవా ఏడు సముద్రాలు దాటారు. రాజుగారికి చూపొచ్చింది. ముందు ముత్యాలితో చిన్నకొడుకు పెళ్లి చూశాడు, తర్వాత పెద్దవాళ్లవి చూశాడు. అన్నలే పట్టుబట్టి తమ్ముణ్ణి సింహాసనం ఎక్కించారు. ముత్యాలి రాణి అయ్యాక కూడా ప్రయాణం పోయేవాళ్లకి తన చేత్తోనే మూట కట్టేది, రెండేసి రొట్టెలు. మృదుసేన మహారాజు అరవై ఏళ్లు పాలించాడు. అన్నాళ్లూ అన్నలు ఆయన వస్తేనే భోజనానికి కూర్చున్నారు, చిలక ఆయన కంచంలో మిరపకాయ ఎత్తుకుపోతూనే ఉంది.

కథ కొండ దిగింది. లేవండి పిల్లలూ, మీ అమ్మలు కంచాలు పెట్టి చూస్తున్నారు, మనమూ ఇంటివైపు తిరుగుదాం.