గురవమ్మ చల్లిన పొలి

అనగనగా, ఎండ తప్ప ఇంకేదీ సరిగ్గా పండని ఒక మెట్ట ఊళ్ళో, ఒకే ఒక్క మంచినీళ్ళ బావి ఉండేది తల్లీ. లోతైన బావి. తియ్యటి నీళ్ళు. ఊరంతా ఆ నీళ్ళే తాగేది.

ఆ ఊరికి పైవీధి ఉంది, కిందివాడ ఉంది. పైవీధి వాళ్ళు దర్జాగా గట్టెక్కి, చేద వేసి తోడుకుని, బిందెలు నింపుకుని పోయేవాళ్ళు. కిందివాడ వాళ్ళు మాత్రం బావిని ముట్టుకోకూడదు. వాళ్ళ తాడు ఆ నీళ్ళలో పడకూడదు. ఊరి పక్క వాగు ఇసకలో గుంట తవ్వుకోవడానికి కూడా పైవీధి వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. దూరంగా, ఎండలో, కుండ పట్టుకుని నిలబడాలి. పైవీధి వాళ్ళలో ఎవరికైనా దయ కలిగితే, ఎత్తు నుంచి ఇన్ని నీళ్ళు పోస్తారు. దయ కలగకపోతే లేదు. ఖాళీ కుండతో ఇంటికి పోవడమే.

ఎందుకు అంటావా? వాళ్ళు తాకితే నీళ్ళు మైలపడతాయట! మరి పైవీధి వాళ్ళ చేలో జొన్నలు విత్తింది ఎవరు? కిందివాడ వాళ్ళు. కోసింది ఎవరు? వాళ్ళే. నూర్చి, తూర్పారబట్టి, గాదెలో పోసింది ఎవరు? వాళ్ళే. ఆ జొన్నలకి మైల లేదు. రొట్టెలు చేసుకుని కమ్మగా తినేవాళ్ళు. నీళ్ళకి మాత్రం ఎక్కడిదో మైల వచ్చేసేది! ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. సరే, నువ్వు దుప్పటి కప్పుకో. చెబుతా.

ఆ కిందివాడలో గురవమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడి పేరు పోలయ్య. వాళ్ళకి ఒక్కతే కూతురు, సుబ్బులు. నీ అంత పిల్ల. ఇంకా కుండ మోసే ఈడు రాలేదు. రేపో మాపో వస్తుంది. వస్తే అది కూడా వెళ్ళి ఆ ఎండలో నిలబడాలి.

ఒకరోజు సుబ్బులు వాకిట్లో ఆడుకుంటోంది. ఏం ఆట అనుకున్నావు? చేతిలో చిన్న ముంత. ఎదురుగా ఒక మేకపిల్ల. "అమ్మగారూ, కాసిని పొయ్యండమ్మా, మీ కాళ్ళకి దణ్ణం పెడతానమ్మా" అని ఆ మేకపిల్లని బతిమాలుతోంది.

చింతపిక్కలతో ఆడుకోవాల్సిన పిల్ల! అడుక్కోవడం ఆటగా నేర్చుకుంటోంది! గురవమ్మ అది చూసింది.  అప్పుడు మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"ఇదిగో, నా పిల్ల ఆ బావి దగ్గర నిలబడే రోజు రాకముందే మనం ఈ ఊరు వదిలిపోవాలి" అంది.

పోలయ్య ఉత్త భయస్తుడు. "ఎక్కడికి పోతామే? వాగు అవతలంతా కంపచెట్లూ, తేళ్ళూ. అక్కడ ఏముంది?" అన్నాడు.

"అక్కడ అచ్చయ్య లేడు" అంది గురవమ్మ.

అచ్చయ్య అంటే ఆ ఊరి పెద్ద. ఆయన సరే అనందే కిందివాడ వాళ్ళు ఊరు విడిచి పోకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. ఎవరు పెట్టారు? ఇంకెవరు, పైవీధి వాళ్ళే.

అప్పుడు గురవమ్మ వెళ్ళి అచ్చయ్య అరుగు ముందు నిలబడింది. "అయ్యా, ఈ ఊరు మాకు పడలేదు. మేం పోతాం, సెలవియ్యండి" అంది.

అచ్చయ్య నోట్లో చుట్ట తీశాడు. "ఎంత మాటన్నావే గురవమ్మా! ఊరంటే కన్నతల్లి కదే. తల్లి బాగాలేదని ఎవరైనా వదిలి పోతారా? తిన్నా తినకపోయినా పుట్టిన ఊరిని ప్రేమించాలి" అన్నాడు.

కన్నతల్లట! ఏ కన్నతల్లి కొందరు పిల్లల చేతికి చేద ఇచ్చి, కొందరిని ఎండలో నిలబెడుతుంది? నువ్వు చెప్పు. మనం మాత్రం ఊరిని ప్రేమించాలి, ఊరికి మాత్రం మన మీద ప్రేమ ఉండక్కర్లేదు! నిన్న నువ్వు "అమ్మమ్మా, నాకు ఈ ఊరు నచ్చలేదు" అన్నావని మీ మామయ్య నిన్ను కసిరాడు చూడు, నాకు ఆ అచ్చయ్యే గుర్తొచ్చాడు. పిల్ల నచ్చలేదంటే, ఎందుకు నచ్చలేదమ్మా అని అడగాలి. నోరు మూయించడం దేనికి?

సరే. గురవమ్మ ఊరుకోలేదు. మళ్ళీ వెళ్ళింది. ఈసారి వాడలో ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని వెళ్ళింది.

ఆ ఊరి నడిమధ్య ఒక రాయి పాతి ఉండేది. దాన్ని బొడ్రాయి అంటారు. ఊరు కట్టేటప్పుడు మొట్టమొదట పాతే రాయి అది. అచ్చయ్య ఆ రాయిని చూపించాడు. "నాదేముంది, బొడ్రాయినే అడుగుదాం. రాయి మీద పువ్వు పెడతా. పువ్వు కింద పడితే పొమ్మన్నట్టు. పడకపోతే ఉండమన్నట్టు" అన్నాడు.

ఆ పువ్వు పెట్టింది ఎవరు? అచ్చయ్యే. ఎలా పెట్టాడు? రాయి నెత్తిన ఇంత తడి పసుపు ముద్ద మెత్తి, దాంట్లో పువ్వు కాడ కసిక్కిన గుచ్చాడు! గాలి వీచింది. వేపచెట్టు కొమ్మలు ఊగాయి. పెద్దమనుషుల కండువాలు ఎగిరాయి. పువ్వు మాత్రం ఇంత కూడా కదల్లేదు.

"చూశావా? రాయి ఒప్పుకోలేదు" అన్నాడు అచ్చయ్య.

"రాయి ఒప్పుకుందయ్యా, మీ పసుపే ఒప్పుకోలేదు" అంది గురవమ్మ.

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. అచ్చయ్య అటు తిరిగి చూసేసరికి అందరూ వేపచెట్టుకేసి చూస్తున్నారు.

ఆ తర్వాత ఇక అడగడం మానేశారు. మూటలు కట్టుకుని, కుండలు నెత్తిన పెట్టుకుని, కిందివాడ వాళ్ళంతా వాగు దారి పట్టారు. పైవీధి మొగాళ్ళు కర్రలు పట్టుకుని అడ్డం వచ్చారు. మూటలు లాగేశారు. కుండలన్నీ పగలగొట్టారు. సుబ్బులు చేతిలో ఆ చిన్న ముంతని కూడా వదల్లేదు. అందరినీ గొడ్లని తోలినట్టు వెనక్కి తోలారు.

వీళ్ళ మీద ప్రేమ పొంగిపోయి తోలుకొచ్చారు అనుకునేవు! వీళ్ళు పోతే చేను కోసేది ఎవరు? చచ్చిన గొడ్డుని ఈడ్చేది ఎవరు? పెళ్ళికీ చావుకీ డప్పు కొట్టేది ఎవరు? అదీ సంగతి. పక్కన నిలబడితే పనికిరారు. పక్క ఊరికి పోతే ప్రాణం పోతుంది!

అంతలో బొడ్రాయి పండగ వచ్చింది. ఆ పండగ గురించి నీకు చెప్పాలి. ఆ పొద్దున అన్నం వండి, పసుపూ కుంకుమా వేపాకూ కలుపుతారు. దాన్ని పొలి అంటారు. ఆ పొలి చల్లుకుంటూ ఊరి చుట్టూ పొలిమేర తిరిగి వస్తారు. అలా చల్లిన గీతే ఊరికి కట్టు. మర్నాడు సూర్యుడు పొడిచేదాకా ఎవరూ ఆ గీత దాటకూడదు. లోపలి వాళ్ళు బయటికి పోకూడదు, బయటి వాళ్ళు లోపలికి రాకూడదు. దాటితే నెత్తురు కక్కుకుని చస్తారని పైవీధి వాళ్ళకి చచ్చేంత భయం.

ప్రతి పండక్కీ అచ్చయ్య డప్పు వేయించి చాటించేవాడు. "గీత లోపల ఉన్నవాళ్ళే ఊరివాళ్ళు. గీత బయట ఉన్నవాళ్ళు మనవాళ్ళు కారు, వాళ్ళతో మనకి ఇచ్చిపుచ్చుకోవడం లేదు. ఇది బొడ్రాయి మాట." పండగనాడు కూలివాళ్ళెవరూ ఊళ్ళోంచి జారుకోకుండా ఆ బెదిరింపు.

మరి ఆ పొలి చల్లేది ఎవరు? ముళ్ళలో, రాళ్ళలో, ఎండలో పొలిమేరంతా తిరగాలి కదా. పైవీధి వాళ్ళకి అది నామోషీ. అందుకని కిందివాడలో పోలయ్య ఇంటివాళ్ళకి అంటగట్టారు. గంప మోసేది పోలయ్య. చల్లేది గురవమ్మ. పైగా పొలి చల్లడం కంటితో చూస్తే చూపు పోతుందని పైవీధి వాళ్ళ నమ్మకం. డప్పు ఆగేదాకా తలుపులు బిడాయించుకుని కూర్చునేవాళ్ళు. అంటే గీత ఎక్కడ పడిందో చూసినవాడు పైవీధిలో ఒక్కడూ లేడు!

గురవమ్మకి అది తట్టింది. అప్పుడు వాడలో ఇల్లిల్లూ తిరిగింది. చెవిలో చెప్పింది. అందరూ సరే అన్నారు. ముసలయ్య తాత మాత్రం మంచంలోంచి, "నా నడుము లేవదు కదే, నన్నేం చేస్తారు?" అన్నాడు.

"గంపలో కూర్చోబెట్టి మోస్తాం తాతా. నువ్వు అప్పటిదాకా నోరు కట్టుకుంటే చాలు" అంది గురవమ్మ.

"అదే కష్టమే అమ్మాయ్" అన్నాడు ముసలయ్య.

పండగ పొద్దున డప్పు మోగింది. పైవీధి తలుపులన్నీ దబదబా పడ్డాయి. గురవమ్మ పొలి చల్లడం మొదలెట్టింది. చేల గట్ల మీదుగా చల్లింది. ఆ తర్వాత గుట్ట వెనకగా చల్లింది. ఆ తర్వాత కిందివాడ దగ్గరికి వచ్చింది. ప్రతిసారీ వాడకి అవతలగా, వాగు ఒడ్డున చల్లేది. ఈసారి వాడకి ఇవతలగా తిరిగింది. పైవీధికీ కిందివాడకీ మధ్యనున్న బాట మీదే చల్లడం మొదలెట్టింది!

అంతా ముందే తెలిసినా పోలయ్య గంప దించబోయాడు. "ఒసే, మనం ఊరి బయట పడిపోతామే! బొడ్రాయి అమ్మతల్లి ఊరుకుంటుందా?" అన్నాడు.

"ఊరి చుట్టూ చల్లమన్నారు, చల్లుతున్నా. బావి దగ్గర మనం ఊరివాళ్ళం కానప్పుడు, గీత దగ్గర మాత్రం ఎలా అవుతాం? ఆ తల్లికి కళ్ళుంటే ఆమే చూస్తుంది. గంప గట్టిగా పట్టుకో" అంది గురవమ్మ.

పోలయ్య గంప గట్టిగా పట్టుకున్నాడు. గీత కలిసింది. కట్టు పడింది. డప్పు ఆగింది.

పైవీధి తలుపులు తెరుచుకున్నాయి. అచ్చయ్య కొత్త పంచె కట్టుకుని వీధిలోకి వచ్చాడు. చూస్తే ఏముంది! కిందివాడంతా మూటలు నెత్తిన పెట్టుకుని వాగు వైపు నడుస్తోంది. గంపలో ముసలయ్య తాత, పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు.

"పట్టుకోండ్రా!" అని అరిచాడు అచ్చయ్య. పైవీధి మొగాళ్ళు కర్రలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. వచ్చి, బాట మీద పసుపు మెతుకులు చూసి, టక్కున ఆగిపోయారు. ఒకడి కాలు గాల్లోనే ఉండిపోయింది. వెనకాల వాళ్ళమ్మ, "ఒరే, దాటకురా, చస్తావురా!" అని గోల.

అప్పుడు అచ్చయ్య గీతకి ఇవతల నిలబడి, "గురవమ్మా, ఒక్కొక్కరి కాళ్ళు విరగ్గొడతా! వెనక్కి రండి" అన్నాడు.

"రా అయ్యా, వచ్చి విరగ్గొట్టు" అంది గురవమ్మ. అచ్చయ్య కిందికి చూసుకున్నాడు. అడుగు పడలేదు.

అప్పుడు గొంతు తగ్గించాడు. "సరేలే, మీకు ఎండ తగలకుండా బావి దగ్గర ఒక తొట్టి కట్టిస్తా. అందులో నీళ్ళు పోయిస్తా" అన్నాడు.

"తొట్టి మీ ఎద్దులకి కట్టించండయ్యా. మేం మనుషులం" అంది గురవమ్మ.

అప్పుడు అచ్చయ్య ఇంకా దిగొచ్చాడు. "మరి జొన్న చేలు కోతకొచ్చాయి కదే! మా గతేం కాను?" అన్నాడు. చూశావా, చివరికి నోట్లోంచి ఏం ఊడిపడిందో! మీరెలా బతుకుతారే అని ఒక్క ముక్క అడిగాడా? మా గతేం కాను!

గంపలోంచి ముసలయ్య తాత తల పైకెత్తాడు. "మీకు చేతులున్నాయి కదా అచ్చయ్యా. కోసుకోండి. మైలేమీ అంటదులే" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఊరి పెద్దని పేరు పెట్టి పిలవడం ఆయనకి అదే మొదలు.

అచ్చయ్య మొహం కందగడ్డ అయింది. "రేపు పొద్దు పొడవనీ! మీ వెనకాలే వస్తా" అని అరిచాడు.

"వచ్చి ఏమంటావయ్యా? గీత బయట ఉన్నవాళ్ళు మీవాళ్ళు కారని ఇప్పటిదాకా చాటించింది నువ్వే. పరాయివాళ్ళ మీద నీకేం పెత్తనం? కాదూ, ఆ మాట అబద్ధమంటావా, అయితే ఇప్పుడే గీత దాటి రా" అంది గురవమ్మ.

 అచ్చయ్య పక్కనున్న వాళ్ళకేసి చూశాడు. వాళ్ళు నేల చూపులు చూశారు. దాటితే చావు భయం. దాటకపోతే వాళ్ళు మనవాళ్ళు కారని ఒప్పుకున్నట్టే. మర్నాడు పొద్దు పొడిచినా ఎవ్వరూ కదల్లేదు. బొడ్రాయి మాట అబద్ధమని ఏ నోటితో అంటారు?

కిందివాడ వాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా వాగు దాటారు. ఆ అవతలి నేల బంగారం అని నేను చెప్పను. కంప నరికీ నరికీ అరచేతులు పుండ్లు పడ్డాయి. రాళ్ళు ఎత్తితే తేళ్ళు. మొదటి వానకి పాకలు కారిపోయాయి. అయినా ఒక్కరు కూడా ఆ పాత ఊరి పేరు ఎత్తి కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోవాలి?

చేరిన పూటే గురవమ్మ వాగు ఇసకలో కూర్చుని చేతులతో తవ్వింది. పోలయ్య తవ్వాడు. అందరూ తవ్వారు. ముందు పొడి ఇసక. ఆ తర్వాత తడి ఇసక. ఆ తర్వాత బుడబుడమని నీళ్ళు ఊరాయి. అలా తవ్విన గుంటని చెలమ అంటారు. కాసేపటికి బురద దిగి, నీళ్ళు అద్దంలా తేరాయి.

"రామ్మా, తాగు" అని గురవమ్మ కూతుర్ని పిలిచింది.

సుబ్బులు వచ్చింది. చెలమ పక్కన నడుము వంచి, దోసిలి పట్టి, అలాగే నిలబడింది. ఎంతసేపటికీ కదలదు.

"ఏమే, దాహంగా లేదా?" అంది గురవమ్మ.

"ఉందమ్మా. ఎవరు పోస్తారు?" అంది సుబ్బులు.

గురవమ్మ దగ్గరికి వచ్చింది. కూతురు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ చిన్న దోసిలిని తన రెండు చేతులతో పట్టుకుని, మెల్లిగా నీళ్ళలో ముంచింది.

"ఎవరూ పొయ్యరు తల్లీ. ఇలా ముంచుకో" అంది.

సుబ్బులు ముంచుకుంది. తాగింది. ఆ తర్వాత అమ్మ చేతులు విడిపించుకుని, తనే మళ్ళీ ముంచుకుంది. గెడ్డం మీద నుంచి నీళ్ళు కారిపోతుంటే గట్టిగా నవ్వింది. ఆ తర్వాత చెయ్యి నీళ్ళలో పెట్టి అటూ ఇటూ తిప్పుతూ, పొద్దువాలేదాకా అక్కడి నుంచి లేవలేదు.

కట్టిన గీత వెనక్కే,
కదిలిన కాళ్ళు ముందుకే,
ముంచిన నీళ్ళు మూతికే,
కథ నడిచె కంచికే,
మనమేమో మనింటికే!