గాలి వీధిలో దండోరా

ఒకానొక కొండల రాజ్యంలో గాలి ఒక్కటే ఎవరి మాటా వినేది కాదు. అదీ తన మాట వింటుందని రాజు ప్రచండవర్మ నమ్మకం.

ఆయన పట్టుగుడ్డతో ఓ పెద్ద బుడగ కుట్టించాడు. దాని కింద వెదురుబుట్ట, బుట్టలో కుంపటి. కుంపటి ఎగదోస్తే వేడిగాలి నిండి బుడగ లేస్తుంది. నెత్తిన ఉన్న మూతను తాడు లాగి తెరిస్తే బుడగ దిగుతుంది. దాన్ని తూర్పున ఉన్న అత్తవారి పూలకోటలో దింపి, మామగారి చేత ఔరా అనిపించుకోవాలని రాజుగారి సరదా.

"భట్టూ, ముందు నువ్వెళ్లి చూడు. నేరుగా తూర్పుకే పోవాలి. ఇది మా ఆజ్ఞ!" అన్నాడు విదూషకుడు కొండుభట్టుతో.

భట్టు ఎక్కాడు. గాలి అతణ్ణి పడమటికి లాక్కుపోయి, మిరపకాయలు ఎండబోసిన కల్లంలో దబ్బున పడేసింది. వెల్లకిలా పడి తుమ్ముతూ, కళ్లనీళ్లలోంచే పైకి చూశాడు. రాజుగారి కోట మీది జెండా పడమటికి రెపరెపలాడుతోంది. బాగా ఎత్తున తెల్లమబ్బులు మాత్రం తాపీగా తూర్పుకు పోతున్నాయి.

"ఓహో, అదా సంగతి!" అనుకుని మళ్లీ తుమ్మాడు.

తిరిగొచ్చి చెప్పబోతే రాజు ఏమీ విననన్నాడు. "ఆజ్ఞ మీరావు. రేపు సాయంత్రంలోగా రాజ్యం పొలిమేర దాటు!"

ఇంట్లో భార్య అచ్చమ్మ మూటలు కట్టడం మొదలుపెట్టింది. "ఈ ఊరగాయ జాడీలు ఎవరి నెత్తిన పెట్టను, మీ నెత్తినా? ఏం మనిషండీ! నోరు మూసుకుని తూర్పుకు పోలేకపోయారా?"

మర్నాడు భట్టు సభలో చేతులు కట్టుకు నిలబడ్డాడు. "వెళ్తాను ప్రభూ. ఒక్క సందేహం. దండోరా పడని వీధికి ఆజ్ఞ వర్తించదని తమ తాతగారి కట్టడి. తూర్పుకు పోనన్నది గాలి కదా, దాని వీధిలో దండోరా పడిందా?"

తాతగారి కట్టడి కాదనడం రాజు వల్ల కాదు. "పడలేదు. ఇప్పుడే వేయించు!"

"దాని వీధి పైనుందండి."

ఆ మాట వింటూనే దండోరా వాడు డప్పు అక్కడే వదిలి మాయమయ్యాడు.

"తమ గొంతే అయితే గాలికి భయం కూడా ఉంటుంది," అన్నాడు భట్టు వినయంగా.

రాజుకు అది నచ్చింది. డప్పు మెడలో వేసుకుని, భట్టును వెంటబెట్టుకుని బుట్టెక్కాడు. బుడగ లేస్తూనే పడమటికి కదిలింది.

"గాలీ! తూర్పుకు తిరుగు! ఇది ప్రచండవర్మ ఆజ్ఞ!" డం డం డం.

భట్టు గుట్టుగా కుంపట్లో ఎండుగడ్డి కూరుతూనే ఉన్నాడు. బుడగ ఎక్కీ ఎక్కీ మబ్బుల ఎత్తు అందుకుంది. బుట్ట ఓసారి ఊగి, తూర్పుకు మళ్లింది.

"చూశావా! వింది!"

"చిత్తం. చెవులున్న గాలి ప్రభూ."

పూలకోట దగ్గరపడింది. అత్తగారూ మామగారూ మేడెక్కి చేతులూపుతున్నారు. "ఇక ఆగు!" అని రాజు డప్పు వాయించాడు. గాలి ఆగలేదు. కోట వెనకబడింది. ముందంతా అడవి.

"ఇంకాస్త గట్టిగా ప్రభూ, ఇందాక విన్నదే కదా!"

"నా బొంద వింది! భట్టూ, నీకు పుణ్యముంటుంది, దింపు!"

భట్టు తాడు లాగాడు. కిందికి దిగగానే ఆ పడమటికి పోయే గాలే బుడగను వెనక్కి తోసుకొచ్చి, పూలకోట దోసపాదుల్లో మెల్లగా కూర్చోబెట్టింది.

రాజు ఊపిరి పీల్చుకున్నాడు. "కావాలనే కోట దాటించావు కదూ?"

"పైగాలి తూర్పుకు, కిందిగాలి పడమటికి ప్రభూ. దాటితేనే తిరిగి రాగలం. ఏ గాలి కావాలో ఆ ఎత్తుకు మనమే పోవాలి."

"మరి నేను వేసిన దండోరా?"

"నిజానికి ఆ వీధిలో చెవులున్నది మనిద్దరికే. గాలి వేసే దండోరా నాకైతే నిన్న మిరపకాయల మీదే వినపడింది."

రాజు తన అవతారం చూసుకున్నాడు. మెడలో డప్పు, కిరీటానికి దోసతీగ. అది చూసి అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే, రాజు పగలబడి నవ్వాడు. ముంజేతి కంకణం తీసి భట్టుకు తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో!"

"మూటలు విప్పమని మా వీధిలో దండోరా వేయించండి. నేను చెబితే మా ఆవిడ నమ్మదు."

గుర్రాల మీద తిరిగొచ్చి, పొద్దు వాలకముందే ఆ దండోరా రాజుగారే స్వయంగా వేశారు. అచ్చమ్మ తలుపు తీసి చూసి, లోపలికెళ్లి, ఓ ఊరగాయ జాడీ తెచ్చి రాజుగారి చేతిలో పెట్టింది.