వేలిముద్రకు వదిలిన చోటు

ఈ మాట ఇంతవరకూ నా నోటితో ఎవరికీ చెప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టిన ఆ సీను నేను పుట్టించింది కాదు. మా పెద్దక్క బతుకులోంచి ఎత్తుకొచ్చాను.

మా సీరియల్లో కథ డెబ్బైలలో జరుగుతుంది. ఒక జిల్లాకి వచ్చిన మొదటి మహిళా ఎస్సై కథ. ఆ ఎస్సై ఎస్తేరమ్మ గారు ఎప్పుడో రిటైరయ్యారు, ఇప్పుడు రోజూ సెట్టుకి వస్తున్నారు. టోపీ ఎలా పెట్టుకోవాలో హీరోయిన్‌కి చూపిస్తారు, ఫిర్యాదు ఎలా రాయాలో నాకు నేర్పుతారు. కాలేజీ మెట్లెక్కని నాకు గురువంటే ఆవిడే.

ఆ పొద్దున సీను అందరిముందూ చదివాను. మొగుడి మీద ఫిర్యాదు చెయ్యాలని ఒకామె స్టేషనుకొస్తుంది. బల్ల ముందుకొచ్చేసరికి నోరు పెగలదు. "రేషన్ కార్డు పోయిందండీ" అంటుంది. ఎస్సై ఆమె చెయ్యి చూసి, "రేషన్ కార్డు పోతే చెయ్యి కాలదమ్మా" అంటుంది.

డైరెక్టర్ గారు లేచి నిలబడ్డారు. "భోజనాలవగానే షూట్ చేసేద్దాం. ఎక్కడ పట్టావమ్మా ఇది?"

"ఊహించానండీ."

నిజానికి స్టేషన్లో మా అక్క చెప్పింది, గ్యాస్ పుస్తకం పోయిందని. అక్క మాటల్లో నేను మార్చింది అదొక్కటే. ఎడమ చేతి మీద ఇస్త్రీపెట్టె మచ్చ కూడా అక్కదే. కాకపోతే అక్క చెయ్యి ఎవరూ చూడలేదు. పుస్తకం పోయినట్టు కాగితం రాసిచ్చి పంపేశారు. అక్క ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. వాళ్ళత్తగారు మా సీరియల్ ఒక్క రోజు కూడా వదలదు.

భోజనాల వేళ ఎస్తేరమ్మ గారు నన్ను సెట్టులోని స్టేషను బల్ల దగ్గరికి పిలిచారు.

"ఇలా ఇయ్యి ఆ కాగితం."

మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ రెండుసార్లు చదివారు.

"ఊహించావా?"

"అవును మేడమ్."

"బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడటం కూడానా?"

నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

ఆవిడ పెన్ను తీసి, ఫిర్యాదు చివర రాసే వాక్యం అడుగున రాశారు: 'చదివి వినిపించగా సరియేనని ఒప్పుకొన్నారు.' దాని కింద ఒక గీత. షూటింగు కోసం బల్ల మీద పెట్టిన సిరా పెట్టె మూత తీసి నా ముందుకు జరిపారు.

"మా స్టేషన్లో వేలిముద్ర పడకుండా కాగితం బల్ల దాటేది కాదు."

"ఇది చూసి ఎంతమంది ఆడవాళ్ళు ధైర్యం చేస్తారో మేడమ్!"

"చెయ్యనీ, మంచిదే. ఇక్కడ ఎవరి వేలు పడాలి?"

"మా అక్కది." అన్నాను. "వద్దంటేనో?"

ఆవిడ వెళ్ళి, ఫిర్యాదుకొచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చుని, క్యారేజీ విప్పి పెరుగన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు.

"రైటర్ గారూ, పేపరు! లైట్లు పెట్టేశారు!" అసిస్టెంటు డైరెక్టరు కేక.

అక్క వద్దంటే ఈ సీను లేదు. ఈ ఎపిసోడ్‌తోనే మొదటిసారి తెర మీద నా పేరు పడబోతోంది.

"ఐదు నిమిషాలు" అని అరిచాను.

ఎస్తేరమ్మ గారు తలెత్తకుండానే అన్నారు.

"అంతా వినిపించు. ఆపమంటే ఆపు."

ఈ టైములో బావ షాపులో ఉంటాడు. అత్తగారు కునుకు తీస్తూ ఉంటుంది. కాగితం ఒక చేత్తో పట్టుకుని, ఫోనులో పెద్దక్క పేరు మీద వేలు పెట్టాను.