దుప్పి కొట్టని మూడో దెబ్బ

అనగనగా ఒక వాగు, ఆ వాగు ఒడ్డున ఒక అడవి ఉండేవి పిల్లలూ. వానలకు వాగు పొంగితే పల్లంలో ఉన్న ఇళ్ళన్నీ మునిగిపోయేవి. అందుకని అడవి పెద్దలు మిట్ట మీద పన్నెండు బొరియలు తవ్వించారు. ఇల్లు లేనివాళ్ళకే అవి ఇవ్వాలి. ఎవరికిస్తే వాళ్ళ పాదం గుర్తు గడప దగ్గర తడిమట్టిలో వేయించేవారు. వేరేవాళ్ళు ఎవరైనా దూరితే, అధికారి వచ్చి గడప మీద గిట్టతో మూడు దెబ్బలు కొట్టాలి. మూడో దెబ్బ పడితే లోపలున్నవాళ్ళు బయటికి రావాల్సిందే. అది అక్కడి కట్టుబాటు.

ఆ అధికారి పరమేశం అనే దుప్పి. మంచివాడే. కానీ ఎవరైనా ఒక మాట అంటారేమోనని తెగ భయం.

ఏడో బొరియ చుక్కమ్మ అనే కుందేలుకు వచ్చింది. చుక్కమ్మ నిండు చూలాలు. నోట ఎండుగడ్డి పట్టుకుని సంబరంగా వెళ్ళింది. చూస్తే ఏముంది! లోపల గండయ్య అనే ముళ్ళపంది కాళ్ళు బారచాపుకుని పడుకుని ఉన్నాడు. అతనికి కొండ వెనక సొంత ఇల్లుంది కూడా.

"అన్నా, ఇది నాకిచ్చిన ఇల్లు. గడప దగ్గర నా పాదం గుర్తుంది, చూడు" అంది చుక్కమ్మ.

"ఉంటే ఉండనీ. ఎవరితో చెప్పుకుంటావో చెప్పుకో పో!" అన్నాడు గండయ్య.

చుక్కమ్మ పరమేశాన్ని పిలుచుకొచ్చింది. అతను గుర్తు చూశాడు. ఒక దెబ్బ కొట్టాడు. రెండో దెబ్బ కొట్టాడు. మూడోసారి కాలెత్తాడు.

"ఓహో! నాకు ముళ్ళున్నాయనేగా ఇదంతా? మా జాతంటే మీకెప్పుడూ చులకనే!" అని అరిచాడు గండయ్య.

ఒకప్పుడు ముళ్ళపందులను ఆ ముళ్ళు చూసే తరిమేవారు. అది నిజం. చాలా ఘోరం కూడా. 'నన్నూ అలాంటివాడంటారేమో' అని పరమేశం జంకాడు. ఎత్తిన కాలు మెల్లగా దించేశాడు.

"కాస్త ఓపిక పట్టు తల్లీ" అన్నాడు.

రెండు రోజులకు చుక్కమ్మ మళ్ళీ పరమేశం దగ్గరికి వెళ్ళింది. "ఇది చాలా సున్నితమైన వ్యవహారమమ్మా" అన్నాడు.

మూడోసారి వెళ్ళేసరికి మబ్బులు కమ్ముకొచ్చాయి. "అయ్యా, నాకు నొప్పులొస్తున్నాయి" అని ఏడ్చింది.

"ఒక్క వారం ఆగు, చూద్దాం" అన్నాడు పరమేశం.

వారమట! నొప్పులు పడే తల్లిని వారం ఆగమన్నాడట!

ఆ మధ్యాహ్నమే కుండపోతగా వాన. చుక్కమ్మ పల్లంలో ఒక పొద కింద మూడు కూనలను కన్నది. వాగు పొంగింది. ఒక కూనను నోట కరుచుకుని మిట్టకు చేర్చింది. రెండోదాన్నీ చేర్చింది. మూడోదాని కోసం పరుగెత్తింది. అక్కడ పొద లేదు, కూన లేదు. నీళ్ళే ఉన్నాయి.

అడవి మొత్తం కొయ్యబారిపోయింది.

అప్పుడు ముళ్ళపందుల పెద్ద మంకాళమ్మ ఏడో బొరియ దగ్గరికి వచ్చింది. "ఒరేయ్ గండా! బయటికి రా!" అంది. గండయ్య ముళ్ళు ముడుచుకుని బయటికొచ్చాడు.

ఆమె పరమేశం వైపు తిరిగింది. "ఆ మూడో దెబ్బ ఎందుకు కొట్టలేదయ్యా?"

"మీవాళ్ళు నొచ్చుకుంటారేమోనని..."

"మేం నలభై మందిమి ఉన్నాం. ఒక్కరినైనా అడిగావా? వీణ్ణి వెళ్ళగొడితే మేమంతా వీడి పక్షానే నిలబడతామనుకున్నావు. వెనకటికి మమ్మల్ని తరిమినవాళ్ళు కూడా మేమంతా ఒకటే అనుకున్నారు. నువ్వూ అదే అనుకున్నావు, కాకపోతే మర్యాదగా!"

చుక్కమ్మ రెండు కూనలనూ లోపల పడుకోబెట్టి బయటికొచ్చింది.

"నన్ను క్షమించు తల్లీ" అన్నాడు పరమేశం.

"ఆ మాట పెట్టుకుని నేనేం చేసుకోనయ్యా?" అంది చుక్కమ్మ, వాగువైపే చూస్తూ.

నీతి: న్యాయం చెప్పేవాడు ఎదుటివాడి జాతి చూసి తరిమినా తప్పే, జాతి చూసి జంకినా తప్పే. ఆ తప్పుకు ఏ పాపం ఎరుగనివాళ్ళు బలైపోతారు.